పోచయ్య గూట్లో నెమలి ఈక

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక వాగు. ఆ వాగు మీదికి వంగి, తన నీడ తానే చూసుకుని మురిసిపోయే ఒక తుమ్మచెట్టు. ఆ చెట్టు కొమ్మలకి పాదుకి సొరకాయలు వేలాడినట్టు గిజిగాళ్ళ గూళ్ళు వేలాడుతుండేవి.

గిజిగాడు తెలుసు కదా? పిచ్చుకంత పిట్ట. వానాకాలం వచ్చేసరికి మగపిట్ట తల పసుపు రాసుకున్నట్టు మెరిసిపోతుంది. ఇల్లు కట్టడంలో దాన్ని మించినవాళ్ళు అడవిలో లేరు. చేతులు లేవు, సూది లేదు, దారం లేదు. ఉన్నది ఒక్క ముక్కు. ఆ ముక్కుతోనే గడ్డిపోచలు చీల్చి, ముడివేసి, అల్లి, నీళ్ళు కారని ఇల్లు కడుతుంది.

ఆ చెట్టు మీద పోచయ్య అనే కుర్ర గిజిగాడు ఉండేవాడు. మంచివాడే. కష్టపడే రకం. కాకపోతే ఎవరైనా ఒక్క మాట అంటే చాలు, ఆ మాట పట్టుకుని మూడు రోజులు నలిగిపోయేవాడు.

గిజిగాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఇల్లు సగం కట్టాక మగపిట్ట ఆగిపోవాలి. ఆడపిట్ట వచ్చి చూడాలి. ఆమెకి నచ్చితేనే మిగతా సగం. నచ్చకపోతే ఆ సగం ఇల్లు అలాగే గాలికి ఊగుతూ ఉండిపోతుంది.

పోచయ్య సగం ఇల్లు కట్టాడు. వాగు ఒడ్డు నుంచి తడి బంకమట్టి తెచ్చి, లోపలి గోడలకి అటు ఇంత ముద్ద, ఇటు ఇంత ముద్ద అంటించాడు. వాళ్ళ నాన్న అలాగే అంటించేవాడు. తాత కూడా అంతే. ఎందుకంటించాలో నాన్న చెప్పలేదు, పోచయ్య అడగలేదు. మీరైతే ప్రతిదానికీ 'ఎందుకు, ఎందుకు' అని నా ప్రాణం తీస్తారు. తీయండి. ఈ కథ చెప్పాక ఇంక నేను విసుక్కోను.

అప్పుడు జొన్నమ్మ వచ్చింది. గోడలు ముక్కుతో పొడిచి చూసింది. తలకిందులుగా వేలాడి గూటిని కుదిపి చూసింది. లోపలికి దూరి కాసేపు కనపడకుండా పోయింది. పోచయ్య మెడ చాపి అటే చూస్తున్నాడు.

జొన్నమ్మ తల బయటికి పెట్టి, "గట్టిగానే ఉంది. ఉంటాను," అంది.

పోచయ్య సంతోషం పట్టలేక కొమ్మ మీద నాలుగు గంతులేశాడు. మిగతా సగం ఇల్లు పూర్తిచేశాడు. కిందికి పొడుగ్గా గొట్టంలాంటి గుమ్మం అల్లాడు. తర్వాత ఇద్దరూ కలిసి జొన్నచేలల్లో రాలిన గింజలు ఏరి, చెట్టు తొర్రలో దాచుకున్నారు.

"ఇవి ముట్టుకోకు," అంది జొన్నమ్మ. "ముసురు పడితే నువ్వు బయటికి వెళ్ళలేవు. నేను గుడ్డు మీద నుంచి లేవలేను. పిల్ల పుట్టేదాకా ఈ గింజలే మనకి దిక్కు."

"ముట్టుకుంటానా?" అన్నాడు పోచయ్య.

కొన్నాళ్ళకి జొన్నమ్మ గుడ్డు పెట్టింది. ఒకే ఒక్క గుడ్డు. తెల్లగా, నున్నగా, బియ్యప్పిండితో చేసిన ఉండ్రాయిలా ఉంది. పోచయ్య దాన్ని చూడటానికి రోజుకి పదిసార్లు లోపలికి వచ్చేవాడు. "నువ్విలా వచ్చిపోతూ ఉంటే గాలి తగిలి దానికి జలుబు చేస్తుంది, పో!" అని జొన్నమ్మ తరిమేది.

ఇంతవరకూ అంతా బాగానే ఉంది. గొడవంతా బారసాలతో మొదలైంది.

వాగు అవతలి మద్దిచెట్టు తొర్రలో రామచిలకలు ఉండేవి. వాళ్ళ పిల్లకి బారసాల చేస్తూ చెట్టుచెట్టుకీ పిలుపు పంపారు. జొన్నమ్మ గుడ్డు మీద ఉంది కాబట్టి పోచయ్య ఒక్కడే వెళ్ళాడు. వెళ్ళి తొర్రలోకి తొంగిచూసి నోరెళ్ళబెట్టాడు.

తొర్ర నిండా తళతళలే. గోడలకి వెండి కాగితాలు. పైనుంచి పూసల దండలు. పిల్ల పడుకునే మూల ఒక నెమలి ఈక. వచ్చినవాళ్ళంతా "అబ్బ! అబ్బ!" అంటున్నారు. పిల్లనెవరూ చూడటం లేదు. గోడలే చూస్తున్నారు.

చిలక తల్లి పోచయ్యని పలకరించింది. "నీకూ పిల్ల పుట్టబోతోందటగా పోచయ్యా! గదికి ఏం చేయించావు?"

"గడ్డి," అన్నాడు పోచయ్య.

"గడ్డి సరే. ఇంకా?"

పోచయ్య ఆలోచించాడు. అబద్ధం చెప్పడం రాదు పాపం. "మట్టి," అన్నాడు.

అందరూ ఫక్కున నవ్వారు. చిలక తల్లి కూడా నవ్వింది. ఆమె మనసులో చెడ్డ ఉద్దేశమేమీ లేదు. నవ్వొచ్చింది, నవ్వింది, మరుక్షణం మర్చిపోయి చుట్టాలకి జామకాయ ముక్కలు పంచుకుంటూ వెళ్ళిపోయింది. పోచయ్య మాత్రం మర్చిపోలేదు. తల దించుకుని ఇంటికొచ్చాడు. గూట్లోకి చూస్తే అదే గడ్డి, అదే మట్టి. నిన్నటిదాకా ముద్దొచ్చిన ఇల్లు ఇప్పుడు బోసిగా కనిపించింది.

"నా బిడ్డ పుట్టి కళ్ళు తెరిచేసరికి ఈ మట్టి ముద్దలు కనపడాలా?" అనుకున్నాడు. "వచ్చినవాళ్ళు నా బిడ్డని చూసి నవ్వాలా? కుదరదు."

నిజం చెప్పాలంటే నవ్వింది బిడ్డని చూసి కాదు, తనని చూసి. కానీ కడుపు మండుతున్నప్పుడు అంత లెక్కగా ఎవరు ఆలోచిస్తారు?

తెల్లారగానే పోచయ్య కాకి కోటయ్య కొట్టుకి వెళ్ళాడు. రాతిగుట్ట పక్కన ఉండేదా కొట్టు. ఊళ్ళో పెళ్ళిళ్ళయ్యాక, తిరణాళ్ళయ్యాక జనం పారేసినవన్నీ కోటయ్య ఏరుకొచ్చి అక్కడ పేర్చేవాడు. బజార్లో పడి ఉంటే చెత్త. కోటయ్య కొట్టులో ఉంటే సరుకు.

"రా అల్లుడూ రా!" అన్నాడు కోటయ్య. "పిల్లగదికేనా? నీ మొహం చూస్తేనే తెలిసిపోయింది. ఇదిగో వెండి కాగితం. చిలకలు కొన్నది ఇదే. గింజలు తెచ్చావా?"

పోచయ్య తొర్రలోంచి గింజలు మోసి ఇచ్చి, వెండి కాగితం తెచ్చి గోడకి చుట్టాడు.

జొన్నమ్మ గుడ్డు మీద నుంచే అడిగింది. "ఇదెందుకయ్యా?"

"అందంగా లేదూ?"

"ఉంది. నేను కాస్త కదిలితే చాలు, గరగర చప్పుడు కూడా చేస్తోంది. రేపు పిల్ల ఎలా నిద్రపోతుంది?"

"అలవాటవుతుందిలే," అన్నాడు పోచయ్య.

మర్నాడు మళ్ళీ కొట్టుకి వెళ్ళాడు. "కాగితం ఒక్కటే పెడితే బోడిగా ఉండదూ? పూసల దండ కూడా ఉంటేనే నిండుదనం," అన్నాడు కోటయ్య. తొర్రలో గింజల కుప్ప సగానికి దిగింది. గుడ్డుకి సరిగ్గా పైన పూసల దండ వేలాడింది.

"ఇదెందుకయ్యా?" అని మళ్ళీ అడిగింది జొన్నమ్మ.

"పిల్ల చూసి ఆడుకుంటుంది."

"కళ్ళు తెరవని పిల్ల! నేను తల ఎత్తితే నాకు తగులుతోంది. తెగిపడితే గుడ్డుకి తగులుతుంది. మన గింజలు ఎంత మిగిలాయో చూశావా?"

"చూశాలే," అన్నాడు పోచయ్య. చూడలేదు.

మూడోనాడు కోటయ్య దగ్గర నెమలి ఈక కనపడింది. నిగనిగలాడే కన్ను, చుట్టూ పచ్చ, నీలం. పోచయ్య మతి పోయింది. "ఇది చిలకల ఇంట్లో ఉన్నదాని కంటే పెద్దది," అన్నాడు కోటయ్య మెల్లగా. ఆ మాట చాలు. తొర్రలో అడుగున ఉన్న గింజలు కూడా ఊడ్చి ఇచ్చేశాడు.

తీరా తెచ్చాక ఈక గూట్లో పట్టలేదు. గిజిగాడి గూడెంత, నెమలి ఈకెంత! అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మట్టి ముద్దలు అడ్డమొచ్చాయి.

"ఈ మోటు మట్టి లేకపోతే చోటే చోటు!" అని పోచయ్య గోడకి అంటి ఎండిపోయిన ముద్దల్ని ముక్కుతో పెకలించడం మొదలుపెట్టాడు. పెళ్ళలు పెళ్ళలుగా ఊడి వాగులో పడుతున్నాయి. బుడుంగ్, బుడుంగ్.

అదే చెట్టు చీలికలో ఒక ముసలి ఉడుత ఉండేది. ఇంటినిండా కొబ్బరిపీచు కూరుకుని ఉంటుంది కాబట్టి అందరూ ఆమెని పీచవ్వ అనేవారు. ఆ చప్పుడు విని పీచవ్వ బయటికొచ్చింది.

"ఒరే పోచయ్యా, అదెందుకు పీకుతున్నావురా?"

"పాత పద్ధతి అవ్వా. అందంగా లేదు."

"మీ నాన్న ఎందుకు పెట్టేవాడు?"

"ఏమో. వాళ్ళ నాన్న పెట్టాడని పెట్టి ఉంటాడు."

"ఎందుకు పెట్టారో తెలియనప్పుడు ఎందుకు తీస్తున్నావు?"

"నీకు తెలుసా అవ్వా?"

"నాకెలా తెలుస్తుంది? నా ఇల్లు చెట్టు పట్టుకుని ఉంది. గాల్లో వేలాడేది నీ ఇల్లు," అంది పీచవ్వ.

పోచయ్యకి ఆ మాట చెవికెక్కలేదు. చివరి ముద్ద కూడా పెకలించేశాడు. నెమలి ఈకని మడిచి లోపలికి తోశాడు. సగం లోపల ఉంది. సగం గుమ్మంలోంచి బయటికి వేలాడింది. "ఎలా ఉంది?" అన్నాడు గర్వంగా.

ఈసారి జొన్నమ్మ 'ఎందుకయ్యా' అని అడగలేదు. గుడ్డుని పొట్ట కిందికి ఇంకాస్త జరుపుకుని, మొహం అటు తిప్పుకుంది. భార్య అడుగుతున్నంతసేపూ భయం లేదు. అడగడం మానేసినప్పుడే భయపడాలి. పోచయ్యకి ఆ సంగతి ఇంకా తెలియదు.

ఆ సాయంత్రమే గాలివాన వచ్చింది.

ముందు పడమటి దిక్కు నల్లబడింది. తర్వాత ఈదురుగాలి లేచింది. తుమ్మచెట్టు ఊగింది. గూళ్ళన్నీ ఊగాయి. పోచయ్య గూడు మాత్రం ఊగలేదు, ఎగిరింది. గాలిపటంలా పైకి లేచి, కొమ్మకి కొట్టుకుని, గిరగిరా తిరిగింది. బయటికి వేలాడుతున్న నెమలి ఈక తెరచాపలా గాలి పట్టి గూటిని ఇంకా లాగుతోంది. లోపల వెండి కాగితం గరగరలాడుతోంది. పూసల దండ ఈ గోడకీ ఆ గోడకీ టపాటపా కొట్టుకుంటోంది.

"పోచయ్యా!" అని అరిచింది జొన్నమ్మ. "గుడ్డు దొర్లుతోంది! పట్టుకోలేకపోతున్నాను!"

ఆమె రెండు రెక్కలూ చాపి గుడ్డుని కప్పుకుంది. గూడు ఇటు వాలితే గుడ్డు గుమ్మం వైపు దొర్లుతోంది. గుమ్మం కిందంతా వాగే.

పోచయ్యకి ఏడుపొచ్చింది. కొమ్మని పట్టుకుని చుట్టూ చూశాడు. పక్క కొమ్మ మీద గిజిగాళ్ళ గూళ్ళు కూడా ఊగుతున్నాయి. కానీ బరువైన ఉయ్యాలలా మెల్లగా అటు పోయి, మెల్లగా ఇటు వస్తున్నాయి. ఎగరడం లేదు. తిరగడం లేదు. అదే గాలి. అదే చెట్టు. అదే గడ్డి. తేడా ఏమిటి?

అప్పుడు తట్టింది. మట్టి!

నాన్న అంటించింది అందం కోసం కాదు. గాలికి గూడు తేలిపోకుండా బరువు కోసం. తాత పెట్టిందీ అందుకే. తను దాన్ని 'మోటు మట్టి' అని వాగులో పారేశాడు.

"ఓరి నా తెలివి తెల్లారా!" అని పోచయ్య గూట్లోకి దూకాడు. నెమలి ఈకని ముక్కుతో లాగి బయటికి వదిలేశాడు. పూసల దండ తెంపి పారేశాడు. వెండి కాగితం చింపి పారేశాడు. మూడూ వాగులో పడి తళతళలాడుతూ కొట్టుకుపోయాయి. వాటితోపాటు తొర్రలో దాచిన గింజలన్నీ పోయినట్టే. కానీ పోచయ్య అటువైపు చూడనుకూడా లేదు. వానలో వాగు ఒడ్డుకి ఎగిరాడు.

ఒక ముక్కు నిండా బంకమట్టి తెచ్చి గోడకి అంటించాడు. మళ్ళీ ఎగిరాడు. గాలి ఎదురుకొడితే కిందపడ్డాడు. లేచాడు. మళ్ళీ తెచ్చాడు. పసుపుతల బురదతల అయింది. జొన్నమ్మ గుడ్డుని ఒక రెక్కతో పట్టుకుని, ఇంకో రెక్కతో మట్టిని గోడకి నొక్కింది. అటు ఇంత ముద్ద, ఇటు ఇంత ముద్ద.

మెల్లగా గూడు కుదురుకుంది. తిరగడం ఆగింది. ఎగరడం ఆగింది. అటు పోయి, ఇటు వచ్చి, ఉయ్యాలలా ఊగడం మొదలుపెట్టింది. గుడ్డు జొన్నమ్మ పొట్ట కింద నిలిచింది.

ఇద్దరూ ఊపిరి పీల్చుకునేసరికి గుమ్మం దగ్గర సన్నటి గొంతులు వినిపించాయి. "పిన్నీ, బాబాయ్, లోపలికి రావచ్చా? రెక్కలు తడిసిపోయాయి."

చూస్తే మిణుగురు పురుగులు. వానకి ఎటుపోవాలో తెలియక వచ్చాయి.

"రండమ్మా," అంది జొన్నమ్మ. "కానీ మా ఇంట్లో పెట్టడానికి ఏమీ లేదు."

"మా దగ్గరా ఇవ్వడానికి ఏమీ లేదు పిన్నీ," అన్నాయి అవి. లోపలికొచ్చి, చల్లగా మెత్తగా ఉన్న తడి మట్టి మీద వరసగా కూర్చున్నాయి. కూర్చోగానే గూడంతా వెలుగు పరుచుకుంది. గుడ్డు పాలరాయిలా మెరిసింది.

జొన్నమ్మ ఆ వెలుగులో భర్త మొహం చూసింది. ముక్కు నుంచి తోక దాకా బురద. మూడు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది.

"నవ్వకే," అన్నాడు పోచయ్య. "తప్పు చేశాను. పిల్ల కోసం అనుకున్నాను. పిల్ల కోసం కాదు, ఆ నవ్విన వాళ్ళ కోసం చేశాను."

"తెలిసిందిగా. ఇంక పడుకో," అంది జొన్నమ్మ.

తర్వాత ముసురు పట్టింది. తొర్రలో ఒక్క గింజ లేదు. హాయిగా ఇంట్లో కూర్చోవలసిన రోజుల్లో పోచయ్య తడుస్తూ తిరిగాడు. ఆకులు తిరగేసి పురుగులు వెతికాడు. దొరికినది ముందు జొన్నమ్మకి పెట్టేవాడు. మిగిలితే తను తినేవాడు. మిగలకపోతే తుమ్ముతూ పడుకునేవాడు. ఒకసారి కోటయ్య కొట్టుకి పోయి, "మామా, అరువుగా కాసిని గింజలు..." అనబోయాడు. కోటయ్య ఆకాశం వైపు చూస్తూ "వాన తగ్గేలా లేదు అల్లుడూ," అని మాట మార్చేశాడు.

కానీ పీచవ్వ వచ్చింది. తన ఇంట్లోంచి మెత్తటి కొబ్బరిపీచు లాగి తెచ్చింది. "నాకు ఎక్కువైపోయిందిరా, ఊపిరాడటం లేదు," అని అబద్ధమాడింది. వాన తెరిపిచ్చినప్పుడల్లా పోచయ్య బూరుగుదూది ఏరుకొచ్చాడు. ముళ్ళకంపకి గొర్రెలు వదిలిన ఉన్ని పీకి తెచ్చాడు. జొన్నమ్మ తన రొమ్ము మీది మెత్తటి ఈకలు రెండు తీసి పైన పరిచింది. దేనికీ ఒక్క గింజ ఖర్చు కాలేదు. పక్క మాత్రం ఎంత మెత్తగా కుదిరిందంటే, మీరు పడుకుంటే ఇంక బడికి లేవరు.

ఒకరోజు గుడ్డు టక్కుమంది. పిల్ల పుట్టింది.

పిల్ల కళ్ళు తెరిచే వేళకి బారసాల పెట్టుకున్నారు. రామచిలకలు వచ్చాయి. పీచవ్వ వచ్చింది. పిలవకుండానే కాకి కోటయ్య కూడా ఒక గిలక్కాయ పట్టుకుని వచ్చి, "పిల్లకి ఇదొక్కటుంటే చాలు అల్లుడూ..." అన్నాడు.

"చోటు లేదు మామా," అన్నాడు పోచయ్య నవ్వుతూ. "ఉన్న చోటంతా మట్టి పెట్టేశా."

చిలక తల్లి లోపలికి తొంగిచూసింది. "అదేమిటి పోచయ్యా, ఇంకా గడ్డీ మట్టేనా? పిల్ల కళ్ళు తెరవగానే చూడటానికి ఒక్క తళుకైనా పెట్టలేదే!"

ఈసారి పోచయ్య తల దించుకోలేదు. పిల్ల మీదికి వంగి పక్క సర్దాడు.

అప్పుడే పిల్ల కదిలింది. ఒక కన్ను తెరిచింది. రెండో కన్ను తెరిచింది. చుట్టూ గడ్డిని చూసింది, మట్టిని చూసింది. మీదికి వంగిన నాన్న పసుపుతలని చూసింది. చూసి, "కీచ్!" అని సంతోషంగా అరిచి, మెడ చాపి, ఆ పసుపు ఈకల్ని నోటితో గట్టిగా పట్టుకుంది. పోచయ్య "అబ్బా, అబ్బా!" అంటున్నా వదల్లేదు.

జొన్నమ్మ చిలక తల్లి వైపు తిరిగింది. "పెట్టాం కదమ్మా తళుకు. అదిగో, చూశారుగా, మా పిల్ల వదిలిపెట్టడం లేదు," అంది.

అందరూ ఫక్కున నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వినవాడు పోచయ్యే. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. చిలక తల్లి ఇంటికి వెళ్ళాక తన పిల్ల పక్కనున్న నెమలి ఈక తీసి అవతల పెట్టి, అక్కడ తను కూర్చుందట.

ఆ పిల్ల పెద్దదై తన ఇల్లు తాను చూసుకునే రోజొచ్చినప్పుడు, ఒక సగం గూట్లోకి దూరి, గోడకున్న మట్టి ముద్దని చూసి "ఇదెందుకు?" అని అడిగింది. "మా నాన్న పెట్టేవాడు," అన్నాడు ఆ గూడు కట్టిన కుర్ర గిజిగాడు. అప్పుడా పిల్ల వాడిని కొమ్మ మీద కూర్చోబెట్టి, ఈ కథంతా చెప్పింది.

నీతి: పసిబిడ్డకి కావలసింది కుదురుగా నిలిచే ఇల్లు, నిండే కడుపు, దగ్గరగా ఉండే అమ్మానాన్న. చూసిపోయే వాళ్ళ మెప్పు కోసం ఇంటిని ముస్తాబు చేయబోతే, ఆ ఇంట్లో ఉండేవాళ్ళకి అవసరమైనవే పోతాయి.